పొద్దుటి తొలిమాట

పెళ్లయిన పదకొండో వారంలో పిట్టకు అసూయ పట్టుకుంది. అంతకుముందు ఆ జబ్బు ఎరగదని కాదు. చిన్నప్పుడు పక్కింటి పిల్లకు సైకిలు కొన్నారని మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది. కానీ సైకిలు మీద అసూయ సైకిలు పాతబడేసరికి పోయింది. ఈసారి పట్టుకున్నదానికి ఒక ఫోను నంబరుంది, ఆరుంపావు అని ఒక వేళ ఉంది, అన్నిటికీ మించి ఒక ఆడగొంతు ఉంది.

మాటకన్నా ముందు నవ్వు బయటపడే మనిషి కావడంతో పుట్టింట్లోనూ పనిలోనూ ఆమెకు పిట్ట అనే పేరు స్థిరపడిపోయింది. పని కళ్లద్దాల దుకాణంలో. గుండ్రటి అద్దాన్ని ఫ్రేముకు సరిపడా అరగదీయడం, నలుసంత మరలు బిగించడం, వంకరపోయిన కాడల్ని చెవులకు కుదిరేలా వంచడం. ఆ దుకాణం ఉన్న భవనంలోనే ఒకరోజు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, నలభై నిమిషాలు అందులో ఇరుక్కుంది. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ తలుపు సందులోంచి ఆమెతో మాట్లాడుతూనే పని చేశాడు. "భయపడకండి, పడిపోదు. పడే లిఫ్టయితే నేనింత తీరిగ్గా స్క్రూడ్రైవరు వెతుక్కోను" అన్నాడు. మనిషి కనబడకముందే ఆ గొంతు నచ్చేసింది. ఏడాది తిరక్కుండా ఆ గొంతును పెళ్లి చేసుకుంది.

కాపురం నాలుగో అంతస్తులో, రెండు గదుల్లో. ఆ భవనానికి లిఫ్టు లేదు. లిఫ్టు మెకానిక్ ఇంటికి లిఫ్టు లేకపోవడం చూసి, వచ్చినవాళ్లంతా ఆయాసపడుతూనే నవ్వేవారు. పిట్టకు అదీ ముద్దే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు వీపు వీపు ఆనించుకుని నిలబడటం ముద్దు. సాయంత్రం తలుపు పక్కన అతని పనిసంచి ధబ్బున పడే చప్పుడు ముద్దు. అతనికి రెండు కాళ్లకూ ఒకే రంగు మేజోళ్లు ఎప్పుడూ దొరకవు, అది మరీ ముద్దు.

ఒక్కటే ముల్లు. పొద్దున లేచాక అతను ఆమెతో మాట్లాడడు.

కోపం కాదు. నవ్వుతాడు, దుప్పటి సర్దుతాడు, కళ్లతోనే పలకరిస్తాడు. నోరు మాత్రం విప్పడు. ఆరుంపావుకు బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటాడు. ఏడెనిమిది నిమిషాలు ఫోనులో మాట్లాడతాడు. తరవాత లోపలికొచ్చి, అప్పుడు, "లేచావా పిట్టా?" అంటాడు. ఎనిమిది నిమిషాలుగా లేచి కూర్చుని ఉన్న పిట్టకు ఆ మాట ఎంగిలి కంచంలో వడ్డించినట్టు ఉండేది.

పెళ్లికి ముందే చెప్పాడు, దాచలేదు. నాలుగేళ్ల కిందట వాళ్ల నాన్న పోయినప్పుడు మనిషి మనిషిలా లేకుండా పోతే, ఎవరో అతన్ని ‘నిండు ఇల్లు’కు తీసుకెళ్లారు. ఊరవతల పాత గిడ్డంగిని బాగుచేసి కట్టిన మూడంతస్తుల భవనం అది. దాని పెద్దను అందరూ బాబాయిగారు అంటారు. ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. అక్కడ చేరిన ప్రతివాళ్లకూ ఒక ‘చెవి’ని ఇస్తారు. చెవి అంటే వినే మనిషి. రాత్రంతా మనసు అడుగున ఊరిన బరువు పొద్దుటి తొలిమాటతో బయటికొస్తుందట. అది చెవికే చెప్పాలి, ఏదీ దాచకూడదు. కట్టుకున్నవాళ్లకు చెబితే ఆ బరువు ఇంట్లోనే తిష్ట వేస్తుందట.

అతని చెవి ఒక బేకరీ ఆవిడ.

"ఇవన్నీ నమ్ముతావా నువ్వు?" అని పెళ్లికి ముందు అడిగింది.

"నమ్మకపోదును," అన్నాడు. "మూడో నెలలో బాబాయిగారు నా తల మీద చెయ్యి పెట్టి, ‘మీ నాన్న ఆఖరున అడిగింది నిన్ను కాదు, తన పనిసంచిని. బాధపడకు, ఆ సంచి నీ భుజానే ఉంది’ అన్నారు. ఆసుపత్రి గదిలో ఆ వేళ నేనూ నాన్నా తప్ప పురుగు లేదు. ఆయనకెలా తెలిసిందంటావు?"

అతని కళ్లు తడిసి ఉంటే ఆమె ఇంకేమీ అడగలేకపోయింది. పోనీలే, ఊరట దొరికింది, మంచిదే అనుకుంది. పెళ్లికి ముందు అందరమూ ఉదారులమే.

పదకొండో వారంలో ఒక సాయంత్రం సంచి ధబ్బున కాక మెల్లగా దిగింది. అప్పుడే అనుమానం వచ్చింది.

"పిట్టా, నన్ను లోపలి మెట్టుకు పిలిచారు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "వచ్చే ఆదివారం సభలో చెబుతారట."

"అంటే?"

"ఏడాదిపాటు అక్కడే ఉండాలి. పనికి అక్కణ్నించే వెళ్తాను. నువ్వూ రావచ్చు. మగవాళ్లు రెండో అంతస్తు, ఆడవాళ్లు మూడో అంతస్తు. ఆదివారం మధ్యాహ్నం కలిసి మాట్లాడుకోవచ్చు."

"వారానికోసారా?"

"ఏడాదే కదా."

"పొద్దున్న మాట ఆవిడకు, సాయంత్రం మాట గోడకు, నాకు ఆదివారం మధ్యాహ్నమా? నేను నీ పెళ్లాన్నా, ఆసుపత్రిలో రోగినా, వేళకొచ్చి చూసి పోవడానికి?"

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "కాదనకు పిట్టా. నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాను," అన్నాడు. అంత మెల్లగా అడిగేవాడితో పోట్లాడటం ఎలాగో పిట్టకు తెలియలేదు.

మర్నాడు దుకాణానికి వెళ్లే దారి మార్చుకుని బేకరీ ముందు తేలింది. తనను తాను సమాధానపరచుకోవడానికి రొట్టె కావాలనుకుంది. ఇంట్లో రొట్టె ఉంది.

ఊహలో ఆ ఆవిడ సన్నగా, పొడుగ్గా, జడలో ఏదో ఒక పూవుతో ఉండేది. ఎదురుగా ఉన్నావిడకు యాభై దాటాయి. మోచేతుల దాకా పిండి, ముక్కు మీదికి జారిపోతున్న కళ్లద్దాలు. అసూయ చల్లారాలి కదా? చల్లారలేదు. ఆ గొంతు విన్నాక ఇంకా రాజుకుంది. పొద్దున్నే పొయ్యి దగ్గర చలి కాచుకున్నట్టుండే గొంతు. ఆ గొంతుకు తనైనా ఏదో ఒకటి చెప్పేసేదే.

"నువ్వు పిట్టవి కదూ?" అంది బేకరీ ఆవిడ, చిల్లర అయినా ఇవ్వకుండానే. "నవ్వు చూసి పట్టేశానమ్మా. మెత్తటి రొట్టే కదా నీకు? కింద మాడితే తినవట కదా?"

పిట్టకు ఒళ్లు మండింది. తను మాడు తిననన్న సంగతి కూడా ఊరేగిందన్నమాట.

"మీకు అన్నీ చెప్తాడేమో," అంది, నవ్వు పళ్ల మధ్య పట్టుకుని.

"చెప్పాలి కదమ్మా, చెవిని కదా. నా జ్ఞాపకం చిల్లుకుండ, అందుకే రాసుకుంటాను." కౌంటరు కింది నుంచి నీలం అట్ట నోటుపుస్తకం పైకి తీసింది. "శుక్రవారం అందరం బాబాయిగారికి ఇస్తాం. ఆయన చదవరనుకో. చేత్తో తడుముతారు, బరువంతా దిగిపోతుంది. సోమవారం తిరిగిస్తారు."

లోపల గంట మోగింది. రొట్టెలు తీయాలని ఆవిడ పరుగెత్తింది. పుస్తకం కౌంటరు మీదే, తెరిచే ఉంది. పిట్ట చదవకూడదనే అనుకుంది. కానీ దుకాణంలో బల్లకు ఇవతల నిలబడి, అవతలివాళ్లు రాసే పవరు అంకెల్ని తలకిందులుగా రోజూ చదివే కళ్లు అవి. తలకిందులుగానే ఒక వాక్యం దొరికింది.

‘భార్య నిద్రలో నవ్వుతుంది. లేపబుద్ధి కాదు.’

రొట్టె తీసుకోవడం మరిచిపోయి రోడ్డెక్కింది. తను నిద్రలో నవ్వుతుందట! ఆ సంగతి తనకే తెలియదు. పక్కన పడుకున్న మనిషి చూసి, మురిసిపోయి, ఆ మురిపెం పొద్దున్నే పట్టుకెళ్లి ఎవరి చేతిలో పెట్టాడు? తన నవ్వు, తన మొగుడు, తన నిద్ర. వాటి వార్త మాత్రం ముందు బేకరీకి!

దుకాణంలో ఆ రోజు రెండు అద్దాలు విరగ్గొట్టింది. కంటి పరీక్ష చేసే అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైందే? అద్దాన్ని అరగదీస్తున్నావా, మీ ఆయన్నా?"

పిట్ట అంతా చెప్పుకుంది, ఒక్క నవ్వు సంగతి తప్ప. అక్క ఓపిగ్గా విని, "బేకరీ ఆవిడ మీద పడి ఏడుస్తావెందుకు? చూడబోతే ఆవిడ కూడా నీలాగే అమాయకురాలు. నేనైతే ఒక్కటే అడుగుతాను," అంది. "చదవనివాడికి పుస్తకం మూడు రోజులు దేనికి? నా చార్టులో ఆఖరి వరస అప్పజెప్పే ప్రతివాడికీ చూపు బావున్నట్టు కాదు. కొందరు వరసలో నిలబడి ముందువాడు చదువుతుంటే విని వస్తారు."

పిట్ట చేతిలో మర జారి ఎక్కడో పడింది. వెతకలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ మెట్లెక్కుతున్నారు. అతని భుజాన సంచి. రెండో అంతస్తు దాటాక పిట్ట ఆగింది.

"నీకో సంగతి చెప్తాను. మా అమ్మక్కూడా గుర్తుచేయకు, ఏడుస్తుంది."

"ఏమిటి?"

"చిన్నప్పుడు నాకో కుందేలు ఉండేది. బూడిద రంగుది, ఒక చెవి వాలిపోయి ఉండేది. ఒకరోజు చూసుకోకుండా తలుపు వేసేశాను. సందులో పడి చచ్చిపోయింది. ఇప్పటికీ తలుపు వేసే ముందు కిందికి చూస్తాను."

అతను సంచి దించేశాడు. ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తను ఆడిన అబద్ధానికి అతను అంత బాధపడుతుంటే పిట్టకు సిగ్గేసింది. సిగ్గు గొంతు దాకా వచ్చింది, కానీ అసూయ అప్పటికే అక్కడ కాపురం పెట్టి ఉంది.

"ఇది మనిద్దరి మధ్యే," అంది. "ఆవిడకు చెప్పకు."

"తొలిమాటలో దాచకూడదు పిట్టా."

"నువ్వు మరో పన్నెండు మాటలు చెప్పుకో. ఈ ఒక్కటి నా దగ్గర ఉంచు. ఒక్కటి."

అతను సంచి మళ్లీ భుజానికెత్తుకుని మూడో అంతస్తు దాకా ఎక్కాడు. అక్కడ, "సరే," అన్నాడు.

మర్నాడు పొద్దున బాల్కనీ తలుపు దగ్గరగా పడింది. పిట్ట దుప్పట్లో కూర్చుని గోడ గడియారం చూసింది. ఎనిమిది, పది, పన్నెండు నిమిషాలు. అతను లోపలికొచ్చి "లేచావా" అనకుండా, తేలు కుట్టిన దొంగలా సరాసరి స్నానానికి వెళ్లిపోయాడు. పిట్టకు అడగాల్సిన పని లేకపోయింది. మోకాళ్ల మీద గడ్డం ఆనించి అలాగే కూర్చుంది. ఆ రోజు గురువారం. పుస్తకం శుక్రవారం వెళ్తుంది.

ఆదివారం సభకు కుటుంబాలను కూడా రమ్మన్నారు. పిట్ట వాళ్లమ్మ పొద్దున్నే దిగింది, చేతిసంచి నిండా రుమాళ్లతో.

"ఏడాదిపాటు మొగుడొక అంతస్తు, పెళ్లామొక అంతస్తా?" అంది దారిలో. "మీ నాన్నా నేనూ పోట్లాడుకుని మాటలు మానేసినప్పుడు కూడా ఒకే గదిలో ఉండి మానేశాం."

"అత్తయ్యా, ఒక్కసారి బాబాయిగారిని చూడండి. మీకే తెలుస్తుంది," అన్నాడు అల్లుడు.

"చూడ్డానికేగా వచ్చాను బాబూ."

నిండు ఇల్లు శుభ్రంగా ఉంది. తెల్లటి గోడలు, వరసగా కుర్చీలు, గుమ్మంలో ప్రతి మనిషినీ ముద్దుపేరుతో పలకరించే నవ్వుమొహాలు. అంతమంది అంత ప్రేమగా చూస్తుంటే పిట్టకే ఒక్క క్షణం అక్కడ ఉండిపోవాలనిపించింది. మూడో వరసలో బేకరీ ఆవిడ చెయ్యి ఊపింది. మూతి ముడుచుకుందామనుకుంది గానీ చెయ్యి దానంతటదే ఊగింది.

బాబాయిగారు గోధుమరంగు స్వెటరు వేసుకుని, సొంత ఇంట్లో తిరిగినట్టు కుర్చీల మధ్యకు వచ్చారు. అతన్నీ పిట్టనూ నిలబెట్టారు. అందరికీ అతని నాలుగేళ్ల నిష్ఠ గురించి చెప్పారు. తరవాత పిట్ట వైపు తిరిగి తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు.

"ఈ అమ్మాయి మనసులో ఒక తలుపు ఉంది," అన్నారు నెమ్మదిగా. "వేసే ముందు ఎప్పుడూ కిందికి చూస్తుంది. సందులో... ఒక చిన్న ప్రాణి. బూడిద రంగు. ఒక చెవి వాలిపోయి ఉంది. కుందేలు. తల్లీ, అది నీ తప్పు కాదు."

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది.  ఏం చెప్పాలో పిట్ట ఇంటి దగ్గర ఎన్నిసార్లు అనుకుని వచ్చిందో, ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తులేదు.

ఆ పని వాళ్లమ్మ చేసింది.

"కుందేలేమిటండీ?" అంది లేచి నిలబడి. "మా ఇంట్లో పిల్లిని కూడా గడప తొక్కనివ్వలేదు. బొచ్చు తగిలితే నాకు తుమ్ములు. చుట్టాలు ఉన్ని శాలువా కప్పుకుని వస్తేనే బయట విడిచి రమ్మంటాను. మా పిల్లకు బొమ్మ కుందేలు కూడా కొనలేదు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయిగారు కళ్లు తెరవలేదు. చెయ్యీ తీయలేదు. రెండు ఊపిరులు ఆగి, పెదవుల మీద జాలి తెచ్చుకున్నారు.

"అమ్మా, మీ ఇంట్లో అని నేనన్నానా? ఇది ఈ జన్మది కాదు."

"ఆహా," అంది హాలు, ఇందాకటికంటే గట్టిగా. ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. వెనకాల ఎవరో, "పోయిన జన్మ కూడా కనబడిందర్రా," అన్నారు. పిట్ట వాళ్లమ్మ నోరు తెరుచుకుని అలాగే కూర్చుండిపోయింది.

 బాబాయిగారి అబద్ధం దొరికిపోయినా అక్కడ ఎవరికీ దొరకలేదు. పిట్ట వేసిన రాయి వాళ్ల గోడలోనే ఇటుకై కూర్చుంది. భయం భయంగా పక్కకు తిరిగి చూసింది.

అతను బాబాయిగారిని చూడటం లేదు. మూడో వరసలోకి చూస్తున్నాడు. అక్కడ బేకరీ ఆవిడ ఆహా అనలేదు. జారిన కళ్లద్దాలు పైకి తోసుకోవడం కూడా మరిచిపోయి తన చేతుల వైపు చూసుకుంటోంది, పొరపాటున ఎవరి సొమ్మో వాటిలో కనబడినట్టు.

"నీకు కుందేలు లేదా?" అన్నాడతను, పిట్టకు మాత్రం వినబడేలా.

"లేదు."

"వాలిన చెవి? తలుపు సందు?"

"మెట్ల మీద కల్పించాను. నీకొక్కడికే చెప్పాను."

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. పిట్ట తల మీదున్న బాబాయిగారి చేతిని, ఇరుక్కున్న తలుపును విడదీసినంత మర్యాదగా పట్టుకుని పక్కకు తీశాడు. "మేం వెళ్లొస్తామండీ," అన్నాడు.

"ఇవాళ నీ రోజు, నాయనా."

"తెలుసండీ."

బస్‌స్టాపులో ముగ్గురూ వరసగా కూర్చున్నారు. పిట్ట వాళ్లమ్మ తెలివిగా కొంచెం దూరం జరిగి, రాని బస్సు కోసం శ్రద్ధగా చూస్తోంది. అతనే మొదలుపెట్టాడు.

"నాన్న సంచి అడిగిన సంగతి ఎవరికీ చెప్పలేదనుకున్నాను. చేరిన రెండో వారంలో ఆవిడకు చెప్పాను. పొద్దున, ఇంకా చీకటిగా ఉంది. ఫోనులో ఏడ్చాను కూడా. ఎలా మర్చిపోయాను పిట్టా?"

గెలిచింది కదా? నాలుగు రోజులుగా ఈ గెలుపే కావాలనుకుంది. తీరా చేతికొచ్చాక ఏం చేసుకోవాలో తెలియలేదు. బేకరీ ఆవిడ దగ్గర్నుంచి మొగుణ్ని లాక్కుందామని వెళితే, ఆ లాగులాటలో వాళ్ల నాన్న ఆఖరి మాట మీది దీవెన కూడా ఊడొచ్చింది.

"సంచిని అడిగింది నిజమే కదా?" అంది.

"ఆఁ. అది నిజం."

"నువ్వే మోస్తున్నది కూడా నిజమే కదా? దానికి బాబాయిగారెందుకు, మన నాలుగంతస్తుల మెట్లనడుగు."

అతని మొహంలో నవ్వు రాలేదు. కానీ భుజం వచ్చి ఆమె భుజానికి ఆనింది.

సోమవారం పొద్దున ఆమెకే ముందు మెలకువ వచ్చింది. అతనూ లేచే ఉన్నాడు, పైకప్పు చూస్తూ. ఆరుంపావైంది. బాల్కనీ తలుపు తీసే ఉంది, అతను కదల్లేదు. ఆరూ పద్దెనిమిదికి ఫోను మోగింది. నాలుగేళ్లలో అవతలి వైపు నుంచి మోగడం అదే మొదటిసారి. పిట్ట కళ్ల ముందు పిండి చేతులు, జారిన కళ్లద్దాలు మెదిలాయి. పాపం, అనుకుంది. ఆ పాపం మూడు మోతల దాకా ఉంది. నాలుగో మోతకు, ‘ఎత్తాడంటే చంపుతాను’ అనుకుంది.

అతను ఎత్తలేదు. ఫోనును బోర్లా పెట్టాడు. అది ఆగిపోయాక గదిలో కొత్త నిశ్శబ్దం మిగిలింది. 

"ఏం చెప్పాలో తెలీడం లేదు," అన్నాడు అతను చివరికి.

అదే తొలిమాట! పిట్ట దాన్ని రెండు చేతులా అందుకుంది. మామూలు మాట, ఏమీ లేని మాట, ఎవరూ ముట్టని మాట. "ఏదైనా చెప్పు," అంది. "చిన్నదైనా ఫరవాలేదు."

అతను ఆమె వైపు తిరిగి పడుకున్నాడు. 

"నువ్వు నిద్రలో నవ్వుతావు, తెలుసా?"

పిట్ట కళ్లు ఇంత చేసింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"అయ్యో, నేనా?" అంది. "నిజంగా? ఎప్పట్నించి?"